ఇంటర్ తర్వాత ఆ నాలుగు నెలలు

ఆంధ్రప్రదేశ్‌ మన్యంలోని చింతూరులో ఇంటర్ పాసైన గిరిజన విద్యార్థికి సర్కారు సాయం లేదంటే అన్యాయమే. పై చదువుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. తిండికీ వసతికీ వేరే సాయం ఉంది. 2020 ఫిబ్రవరిలో వసతి దీవెన పేరుతో మొదలుపెట్టినప్పుడు దాన్ని ఏడాదికి ఐటీఐకి 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీకి 20 వేలుగా నిర్ణయించారు. 2024లో ప్రభుత్వం మారాక పథకాల పేర్లు మారాయి, ఫీజు తల్లి ఖాతాలో కాకుండా నేరుగా కాలేజీ ఖాతాలో వేస్తామన్నారు. వీటన్నిటి వెనక కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఉంది. మన రాష్ట్రంలో ఎస్టీలకయ్యే ఆ ఖర్చులో 75 శాతం కేంద్రానిదే.

అయితే ఈ డబ్బంతా సీటులో కూర్చున్నవాళ్లకు. చేరాక, హాజరు పడ్డాక, వేలిముద్ర సరిపోయాక వస్తుంది. చేరడానికయ్యే ఖర్చు మాత్రం ఇంటివాళ్లదే. పేచీ అంతా అక్కడే.

ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి. అప్పటికి కోయ పల్లెల్లో ఇప్పపువ్వు ఏరడం ముగింపుకొస్తుంది, తునికాకు కోత మొదలవుతుంది. చాలా ఇళ్లలో చేతికి నాలుగు డబ్బులు ఆడేది ఆ రోజుల్లోనే. డిగ్రీ, ఇంజినీరింగ్ కౌన్సెలింగులు సాధారణంగా జూన్ దాటాకే ఊపందుకుంటాయి. ఈలోపు ఆకు డబ్బు విత్తనాలకూ దుక్కికీ వెళ్లిపోతుంది. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కు 2025లో ఎస్టీ విద్యార్థి కట్టాల్సింది 500 రూపాయలే. కానీ పరీక్ష రాయాలంటే ముందు కొండ దిగాలి. తర్వాత టీసీ, మెమో, కుల ధ్రువీకరణ జెరాక్సులు, నెట్ సెంటర్ ఖర్చు, తోడు వచ్చే తండ్రికి రెండు రోజుల కూలి పోవడం, హాస్టల్‌లో పెట్టె, పరుపు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తం కాదు, అన్నీ ఒకే నెలలో వచ్చి పడతాయి.

పైగా ఆ చేరికల నెలే వరదల నెల. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి ఎగతన్ని చింతూరు చుట్టుపక్కల మండలాలను ముంచేసింది. అంత వరద రాని ఏళ్లలోనూ వాగులు దారులను ఆపుతూనే ఉంటాయి. సిగ్నల్ లేని ఊళ్లో పిల్లవాడికి ఆప్షన్లు పెట్టుకోవడానికి రెండు రోజుల గడువంటే, ఆ గడువు లేనట్టే.

సరిహద్దు చిక్కు ఇంకోటి. చింతూరు వాళ్లకు పట్నమంటే భద్రాచలం. 2014లో మండలం ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. పాత ప్రవేశాల కోటాలు కొనసాగాలని విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో తీరింది. అక్కలూ అన్నలూ చదివిన కాలేజీలు ఇప్పుడు పక్క రాష్ట్రపువి. చింతూరులో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది కాబట్టి సరిపోయింది. అక్కడ లేని కోర్సు కావాలంటే మారేడుమిల్లి ఘాటు దిగి రాజమండ్రి వైపు పోవాల్సిందే.

చదువు వద్దు, పని కావాలనుకునే వాళ్ల సంగతి? 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. ఇంటర్ అయ్యాక టీచర్ ట్రైనింగ్ చేస్తే పక్క ఊరి బడిలోనే ఉద్యోగం అన్న లెక్క ప్రతి ఇంటికీ తెలుసు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తీర్పు తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. పిల్లల కళ్ల ముందున్న ఒక దారి మాత్రం ఇరుకైంది. మిగిలింది ఐటీఐ, ఆపైన అప్రెంటిస్‌షిప్. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకం స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, భరిస్తానంది. ఆ స్టైపెండు నెల తిరిగాక వస్తుంది, విశాఖలో గది అడ్వాన్సు మాత్రం మొదటి రోజే కట్టాలి.

డబ్బు ఎప్పుడు అందుతుందన్నదే అసలు ప్రశ్న. స్కాట్లాండ్‌లో పేద ఇళ్ల పిల్లలు పదహారేళ్లు దాటాకా చదువు సాగిస్తుంటే వారానికి 30 పౌండ్లు ఇస్తారు. ఇంగ్లండ్ అదే భత్యాన్ని 2004లో దేశమంతా తెచ్చి, 2011లో ఎత్తేసింది. మనం గమనించాల్సింది అక్కడి మొత్తాన్ని కాదు, వారంవారం ఇచ్చే పద్ధతిని. మన దగ్గర విడతలుగా, అదీ బకాయిలతో వచ్చే డబ్బు బస్సు టికెట్టుకు అక్కరకు రాదు.

కాబట్టి నా అభిప్రాయంలో చింతూరు ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) చేయాల్సింది కొత్త పథకం కట్టడం కాదు. 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం గిరిజనుల వాటా నిధులను వాళ్లకే ఖర్చు పెట్టమంటోంది. అందులోంచి కొంత తీసి, ఇంటర్ మెమోతో పాటే చేరిక ఖర్చు చేతికివ్వాలి. ప్రతి జూనియర్ కాలేజీలో ఒకరికి సెప్టెంబరు దాకా ఇదే పని అప్పగించాలి: ఎవరు ఎక్కడ చేరారు, ఎవరు చేరలేదు, ఎందుకు. ఈ రెండోది మరీ ముఖ్యం. మనిషి లేకుండా డబ్బొక్కటే ఇస్తే అది దుక్కికే పోతుంది, ఆ ఇంటిని తప్పుపట్టనూ లేం.

అంతదాకా తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్షలు ముగిసేదాకా ఆగకండి. కుల, ఆదాయ ధ్రువీకరణలకు ఫిబ్రవరిలోనే సచివాలయంలో అర్జీ పెట్టండి. బిడ్డ పేరిట బ్యాంకు ఖాతా తెరిచి, ఆధార్‌తో ఎన్‌పీసీఐ లింకు పడిందో లేదో బ్యాంకులోనే అడిగి తెలుసుకోండి.