పీటర్ అనే పిల్లి

నాగల్‌గిద్దలోనైనా లండన్‌లోనైనా, వానకు తడిసి అరిచే పిల్లికూనను లోనికి రానిచ్చే ఇండ్లు కొన్నే. చిత్రకారుడు లూయీ వెయిన్, ఆయన భార్య ఎమిలీ అట్టి కూననొకదానిని చేరదీసి, పీటర్ అని పేరు పెట్టుకున్నారు. 1884లో వివాహమైన కొలదికాలానికే ఆమెకు రొమ్మున రాచపుండు లేచింది. మంచము పట్టిన ఇల్లాలి మనస్సు మరలించుటకై ఆయన పీటర్ బొమ్మలు గీచేవాడు. (పిల్లి ఎదురైతే వెనుదిరిగే మనకిది వింతయే!) వాటిని అచ్చుకిమ్మని ప్రోత్సహించినది ఆమెయే. 1886 క్రిస్మస్‌కు ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’లో ఆయన గీచిన 150 పిల్లుల పండుగవిందు వెలువడినది. ఆ కీర్తిని ఎమిలీ చూచినది కొద్దిరోజులే. 1887 జనవరి 2న కన్నుమూసింది. పీటర్ మిగిలినాడు. 1924లో మతి చెదరి ఆసుపత్రిపాలైన వెయిన్‌కు, 1930 నుండి నాప్స్‌బరీ వైద్యశాల తోటలోని పిల్లులే తోడు. అక్కడా వాటినే గీచినాడు. 1939లో అక్కడే మరణించినాడు.