లేపాక్షి కప్పు మీది చీరలు

బీరువాలోని ధర్మవరం పట్టుచీర ఒకసారి తీసి అంచు చూడండి. ఆ పక్షులు, ఆ తీగెలు మగ్గం మీదే పుట్టాయనుకుంటున్నారా?

ధర్మవరంలో బెంగుళూరు రైలెక్కితే ముందు పెనుకొండ వస్తుంది. 1565లో తల్లికోట యుద్ధంలో ఓడిపోయాక తిరుమలరాయలు విజయనగర రాజధానిని ఇక్కడికే మార్చాడు. గగనమహలు ఇంకా నిలిచే ఉంది. ఆ తర్వాత హిందూపురం. అక్కడ దిగి సుమారు పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి.

అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం అది. వెళ్ళినవాళ్ళంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి మురిసిపోతారు. మీరు మాత్రం మెడ నొప్పెట్టినా సరే, పైకి చూడండి! కప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ళు కట్టిన చీరలు ఎన్ని రకాలో! గళ్ళు, చారలు, పూలు. లతామంటపం స్తంభాల మీద చెక్కిన నమూనాలనైతే మన నేతగాళ్ళు చీర అంచుల్లోకి ఎత్తుకున్నారు.

కప్పు మీద రంగులు చాలాచోట్ల రాలిపోయాయి. చీర మీదివైనా మిగలాలంటే మగ్గం ఆడాలి కదా. జరీ అంచు పట్టుచీరల వంటివి చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. అయినా మరమగ్గం చీరలు చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉన్నాయి. కొట్లో "ఇది చేమగ్గం మీద నేసిందేనా?" అని అడగండి. వంకాయలు పుచ్చా, లేతా అని అడగమూ!