నిజాయితీ ధర ఎంత?

వార్షిక సంచికకి ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం వారు అడిగితే మొదట నవ్వొచ్చింది. ఇదే కళాశాలలో ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చదివి, విశాఖపట్నంలో ఓ చిన్న కొట్టు పెట్టుకుని గల్లాపెట్టె ముందు కూర్చున్నవాణ్ణి. కవిత్వం రాదు, పరిశోధన చేయలేదు. అంచేత నాకు తెలిసిన కొట్టు సంగతే నాలుగు ముక్కలు చెప్తాను.

మా కొట్టు పొడవు పదిహేనడుగులు, వెడల్పు పది. అందులో ఏటికొప్పాక లక్కబొమ్మలు, పొందూరు ఖద్దరు, కుంకుడుకాయలు, సీకాయపొడి, అడ్డాకు విస్తళ్లు, తాటాకు బుట్టలు, గుడ్డసంచులు ఉంటాయి. ‘ప్రకృతికి హాని చేయనివి, చేసినవారికి అన్యాయం చేయనివి’ అని బోర్డు మీద రాయించాను. రాయించడానికి ఒక పూట పట్టింది. ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

ఒకనాటి సాయంత్రం ఒకావిడ చంటిపిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చారు. పసుప్పచ్చని చెక్క గిలక్కాయ ఒకటి చేతిలోకి తీసుకుని, “ఈ రంగు దేంతో వేశారు బాబూ? వీడు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాడు” అన్నారు.

“సహజమైన రంగులండీ” అన్నాను.

“మీరు చూశారా?”

“చూశానండీ.”

నేను చూడలేదు. సరుకు తెచ్చిచ్చే టోకు వ్యాపారి చెప్పాడు, నేను నమ్మాను, అంతే. ఆవిడ డబ్బిచ్చి వెళ్లిపోయారు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. మర్నాటి ఆదివారం అలాంటిదే ఇంకో గిలక్కాయ సంచిలో వేసుకుని ఏటికొప్పాక బస్సెక్కాను.

ఏటికొప్పాక ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉంది. బొమ్మకి వాడేది అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా, పని చెప్పినట్టు వింటుంది. ఎండిన కర్రని లేతుకి బిగించి, తిరుగుతూండగా ఉలితో రూపు తీస్తారు. తరువాత రంగు. ఇందులో కుంచె పని లేదు. చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు కట్టిన లక్కని కరిగించి, అందులో రంగు కలిపి కడ్డీలుగా చేస్తారు. ఆ కడ్డీని తిరిగే బొమ్మకి ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి పల్చటి పొరగా పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. రంగు కర్రకి పూసినట్టుండదు, కర్రలోంచే వచ్చినట్టుంటుంది.

అసలు కీలకం ఆ కలిపే రంగులో ఉంది. పసుపుకొమ్ముతో పసుపు, నీలిమందుతో నీలం, జాఫ్రా గింజలతో నారింజ ఎరుపు తయారవుతాయి. రసాయన రంగుల ధాటికి వెనకబడిన ఈ పద్ధతిని ఆ ఊరివారైన సి.వి. రాజుగారు మళ్లీ నిలబెట్టారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చింది.

అక్కడ ఒక పెద్దాయన నా గిలక్కాయని వెలుతురులో పట్టి చూసి, “ఇది మా చేతిది కాదు బాబూ. పసుపుకొమ్ము ఇంత గాఢంగా కొట్టొచ్చినట్టు ఉండదు” అన్నారు. టోకు వ్యాపారిని నిలదీస్తే, “అబ్బే, అవన్నీ ఎవరడుగుతారండీ!” అన్నాడు.

అడిగారుగా!

చౌక రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో సీసం కలిసే ప్రమాదం ఉంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది; ఇంత వరకూ ఫరవాలేదు అనే హద్దంటూ దానికి లేదు. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సైతం సీసం పది లక్షల పాళ్లకి 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. నా గిలక్కాయలో సీసం ఉందో లేదో కంటితో చెప్పలేం, ప్రయోగశాలే చెప్పాలి. చెప్పలేనిదాన్ని ‘చూశాను’ అని చెప్పి అమ్మడమే నా తప్పు. మిగిలిన నలభై రెండు బొమ్మలూ అటక మీద పడేశాను. కానీ ఆవిడ పేరూ, చిరునామా రాసుకోలేదు. మళ్లీ వస్తారేమోనని చాలా కాలం గుమ్మంకేసి చూశాను. రాలేదు.

ఇంకో సంగతి. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేశారు. కాని నమోదైన చేతివృత్తుల వారికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. అది న్యాయమే, రెండు లేతులున్న ఇంటివాడు పరీక్షల ఖర్చు భరించలేడు. అయితే మార్కు లేనిచోట కొనేవారికి ఆధారం అమ్మేవాడి మాటే కదా! ఆధారం లేకుండా ‘పర్యావరణ హితం’ అని ప్రచారం చేయకూడదని 2024లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

అప్పట్నించీ ఏ వస్తువు వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

ఒకటి: ఇది దేంతో చేశారు? అడ్డాకు విస్తరి అంటారు, వెనక్కి తిప్పితే ఆకుకీ అట్టకీ మధ్య ప్లాస్టిక్ పొర కనిపిస్తుంది. అలాంటిది మట్టిలో కలవదు.

రెండు: చేసినవారికి ఎంత ముట్టింది, ఎప్పుడు ముట్టింది? ఈ ‘ఎప్పుడు’ అన్నది మా ఆర్థికశాస్త్రం క్లాసులో ఎవరూ చెప్పలేదు. సరుకు అమ్ముడయ్యాక మూడు నెలలకి డబ్బిస్తే, ఆ మూడు నెలలూ అతను వడ్డీకి తెచ్చుకుని తింటాడు. ఇప్పుడు నేను రెండు వందలకి అమ్మే బొమ్మకి నూట ఇరవై చేసినవారికే, సరుకు దింపిన రోజునే ఇస్తాను. రవాణా, అద్దె, కరెంటు పోగా నాకు మిగిలేది పాతిక, ముప్ఫై. వ్యాపారి దగ్గర తొంభైకే కొనేవాణ్ణి. అందులో చేసినవాడికి దక్కిందెంతో ఏనాడూ అడగలేదు.

మూడు: చెప్పడానికి మొహమాటపడే సంగతి ఏదైనా ఉందా? పొందూరులో సన్న ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. శాకాహారులు కొందరు అది విని పంచె తిరిగి ఇచ్చేస్తారు. అయినా దాచను. నిర్ణయం వారిది, చెప్పడం నా పని.

“మరి లాభం?” అని అడుగుతారు మిత్రులు. పెద్దగా లేదు. మొదటి ఏడాదికంటే సరుకు రకాలు తగ్గాయి. కొన్నవాళ్లు మాత్రం మళ్లీ వస్తున్నారు.

చదువుకుంటున్న తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ ఒక్క మనవి. ఆకుబొమ్మ వేసిన చీటీ చూసి కొనెయ్యకండి. ఏ కొట్టుకి వెళ్లినా ఆవిడ అడిగినట్టే “మీరు చూశారా?” అని అడగండి. నా కొట్టుకొచ్చినా సరే. చూడనిదైతే చూడలేదనే చెప్తాను.