మీకు తెలుసా? బొండాం నీళ్లు ఓఆర్ఎస్ కాదు

గౌతమి ఒడ్డున జొన్నాడలో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ముందు గుర్తొచ్చేది బొండాం. కోనసీమ కదా! పెద్దవాళ్లకు తాగించడం మంచిదే. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాల్లో నీటితోపాటు సోడియం బాగా పోతుంది. ఆ లోటు బొండాం ఒక్కటే తీర్చలేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకైతే ఆ పొటాషియమే ప్రమాదం.

ఓఆర్ఎస్ అంటే గ్లూకోజు, ఉప్పు కలిపిన నీళ్లు. దాని పనితనమంతా ఆ పాళ్లలోనే ఉంది. పేగులో గ్లూకోజు సోడియాన్ని వెంటబెట్టుకుని లోపలికి పోతుంది, వాటి వెనకే నీరు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లతోనే వేలమంది కలరా రోగులను కాపాడారు.

పొట్లం మీద రాసిన కొలత చూసి, మొత్తం పొడి ఒకేసారి కలపండి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి వేసి కలపండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రాణాపాయం. కలిపినవి 24 గంటలు దాటితే పారబోయాలి.

వాంతి అయిందని ఆపేయొద్దు. పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా చెంచాగా పట్టండి. తల్లిపాలు మానిపించొద్దు.

దుకాణంలో పేరు చూసి మోసపోకండి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడొద్దంది.

మగతగా ఉన్నా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో చుక్క కూడా పోయొద్దు.