పిల్లల చేతిలో ఫోను: గార్డు లేని యంత్రం

కర్మాగారాలలో పవర్ ప్రెస్ అనే యంత్రం ఉంటుంది. రేకును అచ్చుపై ఉంచి నొక్కే ఈ యంత్రం కింద చేయి పడితే వేళ్ళు దక్కవు. అందుచేత దానికి రెండు బటన్లను ఎడంగా అమర్చుతారు. రెండు చేతులతో రెండింటినీ ఒకేసారి నొక్కితే తప్ప ప్రెస్ కిందికి దిగదు. చేతులు రెండూ బటన్లపై ఉండగా అచ్చు కిందికి వెళ్ళడానికి మూడవ చేయి లేదు కదా! 'జాగ్రత్తగా పని చేయండి' అనే బోర్డు చేయలేని పనిని ఈ చిన్న ఏర్పాటు చేస్తుంది. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు ప్రతిజ్ఞ చేసే మనకు ఈ సంగతి విదితమే. ప్రమాదాన్ని ముందుగా యంత్రంలోనే నివారించాలి. మనిషి జాగ్రత్త అటుపిమ్మట.

ఈ సూత్రాన్ని పిల్లల చేతిలోని ఫోనుకు అన్వయించి చూడాలనే ఆలోచన మాకు కలగడానికి మా ఇంట జరిగిన ఒక సంఘటన కారణం.

మా ఏడేళ్ళ మనుమరాలు వేసవి సెలవులకు వచ్చింది. ఆమె ఆడుకునే ఒక ఆటలో కుక్కపిల్ల ఉన్నది. దానికి వేళకు అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి. ఆట ఆపబోతే కన్నీళ్ళు పెట్టుకుంటుంది. కొన్ని గంటలు పలకరించకపోతే 'ఆకలిగా ఉంది, నన్ను మరచిపోయావా?' అని ఫోను తెరపై కబురు పంపుతుంది. ఒకనాటి అర్ధరాత్రి పిల్ల పక్కమీద కనిపించలేదు. వెదకగా ముందుగదిలో, చార్జింగుకు పెట్టిన ఫోను ఎదుట కూర్చుని ఉన్నది. మందలించబోయాము.

"తాతయ్యా, అది పొద్దుటినుంచీ ఏమీ తినలేదు" అన్నది.

దీనిని వ్యసనమనో మొండితనమనో అనడం మాకు సబబుగా తోచలేదు. ఆ పసిదానిని నిద్ర లేపినది దయ. మూగజీవికి ఇంత అన్నం పెట్టాలని మన ఇళ్ళలో మనమే నేర్పిన గుణం అది. ఆట తయారు చేసినవారు ఆ గుణాన్ని గుర్తించారు. గుర్తించి, దానిని గడియారానికి ముడివేశారు. పెద్దవారికి అది బొమ్మ అని తెలుసు. ఏడేళ్ళ పిల్లకు తెలిసీ తెలియదు. వయసుకు తగిన రూపకల్పన అంటే రంగురంగుల బొమ్మలు, పెద్ద అక్షరాలు మాత్రమే కాదని, ఆ వయసు మనసుకు దేనిని తట్టుకునే శక్తి లేదో ఎరిగి మసలుకోవడమని మాకు ఆ రాత్రి అర్థమైంది.

ఇలా ఎరిగి చేసినవారూ లేకపోలేదు. అమెరికాలోని ఎం.ఐ.టి., టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2014లో 'స్క్రాచ్ జూనియర్' అనే యాప్‌ను విడుదల చేశారు. 5 నుండి 7 ఏళ్ళ పిల్లలకు ఉద్దేశించినది. చదవడం రానివారికి కూడా వీలుగా ఆదేశాలన్నీ బొమ్మల దిమ్మెల రూపంలో ఉంటాయి. వాటిని వరుసగా పేర్చితే తెరమీది పిల్లి నడుస్తుంది, గెంతుతుంది. ఇదంతా వెల లేకుండా లభిస్తుంది. ప్రకటనలు లేవు, పేరు, ఊరు చెప్పి ఖాతా తెరవనక్కరలేదు. మూసివేస్తే ఆ పిల్లి ఏడవదు.

మంచి మనసుతో చేసేవారిని నమ్ముకుంటే సరిపోదు కనుక చట్టాలు వచ్చాయి. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం రూపొందించిన 15 ప్రమాణాల నియమావళి 2020 సెప్టెంబరు 2న అమలులోకి రాగా, సంస్థలు సర్దుకునేందుకు ఏడాది వ్యవధి ఇచ్చారు. దాని ప్రకారం పిల్లలు వాడే అవకాశమున్న సేవలలో గోప్యత మొదటినుంచే గరిష్ఠ స్థాయిలో ఉండాలి. లొకేషన్ ఆపివేసి ఉండాలి. పెద్దలు కనిపెట్టి చూస్తున్నట్లయితే ఆ సంగతి పిల్లలకు తెలిసేలా గుర్తు ఉండాలి. (ఈ చివరి నిబంధన మన ఇళ్ళలో చాలామందికి రుచించకపోవచ్చు.) వ్యవధి ముగియడానికి కొద్దిగా ముందు, 2021 ఆగస్టులో, యూట్యూబ్ 13–17 ఏళ్ళవారికి ఒక వీడియో వెంట మరొకటి దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును ఆపివేసి ఉంచుతున్నట్లు ప్రకటించింది. మన దేశం 2020లో నిషేధించిన టిక్‌టాక్ కూడా అదే నెలలో, 13–15 ఏళ్ళవారికి రాత్రి 9 తరువాత, 16–17 ఏళ్ళవారికి 10 తరువాత నోటిఫికేషన్లు పంపబోమని తెలిపింది. ఇది అచ్చంగా గార్డు బిగించడమే.

మన పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారినందరినీ పిల్లలుగా పరిగణిస్తుంది. వారి డేటా తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని, వారి కదలికలను వెన్నంటి గమనించడం, వారిపై గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదని అందులో ఉన్నది. ఉల్లంఘనకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఇందులో వెన్నంటరాదన్న నిషేధం గార్డు వంటిది. సమ్మతి మాత్రం, మా దృష్టిలో, బోర్డుకు దగ్గర. వంటింటి హడావిడిలో తల్లి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కడానికి ఎంతసేపు? సమ్మతి పత్రాన్ని తెలుగుతో సహా ఎనిమిదవ షెడ్యూలు భాషలలో చదువుకునే వీలు చట్టం కల్పించడం మాత్రం మెచ్చదగినది.

2023 నవంబరులోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మోసపు పోకడలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. భయం, సిగ్గు, అపరాధభావం కలిగించి వినియోగదారుని ఒప్పించడం వాటిలో ఒకటి. మా కుక్కపిల్ల చేసినది ఇటువంటి పనే. అయితే ఆ నిర్వచనం ప్రధానంగా కొనుగోళ్ళు, చందాల చుట్టూ తిరుగుతుంది. కుక్కపిల్ల మా పిల్లను డబ్బు అడగలేదు, నిద్ర అడిగింది.

తయారీదారు బిగించని గార్డును ఇంట్లో ఉన్నంతలో మనమే బిగించుకోవలసి వస్తున్నది. ఫోను సెట్టింగులలోకి వెళ్ళి ఆ ఆటకు నోటిఫికేషన్లు ఆపివేశాము. లొకేషన్ అనుమతి కూడా ఇచ్చి ఉన్నట్లు అప్పుడే తెలిసింది, దానినీ తొలగించాము. యాప్‌ల దుకాణంలో పాస్‌వర్డు లేనిదే కొనుగోలు జరగకుండా చూసుకున్నాము. ఈ పనులన్నీ పావుగంటలో పూర్తయ్యాయి. కానీ ఏ మీట ఎక్కడ ఉన్నదో కనుక్కోవడానికి మాత్రం మా అబ్బాయికి రెండుసార్లు ఫోను చేయవలసి వచ్చింది.

సెలవుల చివరి వారంలో ట్యాబ్లెట్‌లో స్క్రాచ్ జూనియర్ పెట్టి ఇచ్చాము. అందులో సొంతంగా బొమ్మలు గీసుకోవచ్చు. మనుమరాలు పిల్లిని తీసివేసి, గోధుమరంగు కుక్కపిల్లను గీసింది. దాని పక్కన ఒక గిన్నె, గిన్నె నిండా అన్నం.