‘యాప్ క్రాష్ అవుతోంది’ అని రాస్తే సరిపోదు!

నాన్న ఫోన్‌లో ఓ ఓపెన్ సోర్స్ మ్యూజిక్ ప్లేయర్ వేశాను. యాడ్స్ ఉండవు, నెట్ అక్కర్లేదు. మెమరీ కార్డులో దాదాపు 1,800 పాత పాటలు. ఆల్బమ్స్ లిస్టు కిందికి జరిపితే చాలు, టప్‌మని మూసుకుపోయేది. ‘ఇంత చదివి ఇదా నువ్వు పెట్టింది?’ అన్నారు నాన్న.

కోపంగా వెళ్లి ‘క్రాష్ అవుతోంది, త్వరగా ఫిక్స్ చేయండి’ అని ఇష్యూ పెట్టాను. డెవలపర్ మర్యాదగానే అడిగాడు: ఏ ఫోన్? ఏ వెర్షన్? ఏం చేస్తే ఆగింది? లాగ్ ఏది? నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. పాపం, ఆయన పైసా తీసుకోకుండా ఖాళీ టైంలో చేసే పని అది. నాన్న ఫోన్ ఆయన చేతిలో లేదు కదా!

సరే, కూర్చున్నా. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కి కలిపి, ఏడీబీ లాగ్‌క్యాట్ నడిపాను. మళ్లీ క్రాష్ చేయించాను. ‘ఫేటల్ ఎక్సెప్షన్’ అన్న చోట దొరికింది దొంగ: మరీ పెద్ద బిట్‌మ్యాప్, 144000000 బైట్లు. పిక్సెల్‌కి 4 బైట్లు చొప్పున లెక్కేస్తే 6000×6000 బొమ్మ! ఫైల్‌లో కొద్ది ఎంబీలే ఉన్నా, తెరిస్తే ఇంత అవుతుంది. ఒకే బొమ్మ మరీ పెద్దదైతే గీయడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు.

మరి ఏ పాటలో ఉంది? సగం పాటలు తీసేసి చూడటం, మిగిలినవాటిలో మళ్లీ సగం... 11 సార్లకి దొరికింది. ఈలోగా నాన్న నిద్రపోయారు. ఆ పాట పంపలేం, కాపీరైట్. అందుకే అదే సైజులో ఖాళీ తెల్ల బొమ్మ చేసి, నేను రికార్డు చేసిన 5 సెకన్ల ఆడియోకి కవర్‌గా పెట్టాను. దానికీ క్రాష్ అయింది. అబ్బ, ఎంత సంతోషమో!

ఫోన్ మోడల్, వెర్షన్లు, స్టెప్స్, లాగ్, ఆ ఫైలు అన్నీ కలిపి మళ్లీ పంపాను. ఒక్క మాట, లాగ్‌లో మీ ఫోల్డర్ల పేర్లు కూడా ఉండొచ్చు, చూసి పెట్టండి. పూర్తి బగ్ రిపోర్ట్ జిప్ మాత్రం అందరికీ కనిపించే చోట పెట్టకండి, అందులో ఫోన్ జాతకమంతా ఉంటుంది. లినక్స్ ప్లేయర్లకైతే జీడీబీ బ్యాక్‌ట్రేస్ కావాలి. డీబగ్ సింబల్స్ లేకుంటే అందులో ఎక్కువగా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

తర్వాతి వెర్షన్‌లో ఫిక్స్ వచ్చింది. ఇప్పుడు బొమ్మ సైజు ముందే చూసి, చిన్నది చేసి తెరుస్తోంది. నాన్నకి చూపించాను. అక్షరాలు చిన్నగా ఉన్నాయట.