పాలు తగ్గితే మందు పెరుగుతుంది

"మా పాపకు గుండె దడకు ఫ్లెకైనైడ్ వాడుతున్నాం. పాలు తగ్గించే ముందు తప్పకుండా చెప్పమన్నారు డాక్టరుగారు. పాలకూ దడకూ ఏం సంబంధం?" అని ఒక తల్లి అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే వదలబుద్ధి కాదు.

గుండె కండరంలో విద్యుత్తు సోడియం అయాన్లతో నడుస్తుంది. ఫ్లెకైనైడ్ ఆ అయాన్లు వచ్చే ద్వారాలను కొంత మూసి, దారితప్పి చక్కర్లు కొడుతున్న విద్యుత్తుకు కళ్లెం వేస్తుంది. మోతాదు మించితే తనే కొత్త దడ తెచ్చిపెడుతుంది.

పెద్దల మోతాదును కుదిస్తే చాలని వైద్యులు చాలాకాలం నమ్మారు. యంగ్ సూత్రం ప్రకారం బిడ్డ వయసును, దానికి 12 కలిపిన మొత్తంతో భాగించి పెద్దల మోతాదుతో గుణించాలి. ఈ లెక్కన అప్పుడే పుట్టిన బిడ్డకు వచ్చేది సున్నా! క్లార్క్ సూత్రం బరువును నమ్ముకుంది. బిడ్డ కాలేయాన్ని రెండూ పట్టించుకోలేదు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను వదిలించుకోలేక పసికందులు బూడిదరంగుకు తిరిగి చనిపోతున్నారని 1959లో అమెరికా వైద్యులు బయటపెట్టారు.

ఫ్లెకైనైడ్ సంగతి ఇంకా విచిత్రం. ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి అప్పుడే పుట్టిన బిడ్డలో 29 గంటల దాకా పట్టొచ్చు. మూడో నెలకు 11-12 గంటలు. ఏడాది నిండేసరికి ఆరు గంటలే! తరువాత మళ్లీ పెరిగి, 12-15 ఏళ్లకు 11-12 గంటలకూ, పెద్దయ్యాక దాదాపు 20 గంటలకూ చేరుతుంది. పుట్టినప్పుడు కాలేయంలో ఎంజైములు, మూత్రపిండాల వడపోత ఇంకా పుంజుకోవు. పుంజుకున్నాక చూడాలి వాటి జోరు: ఒంటి బరువుతో పోలిస్తే పసిబిడ్డ కాలేయం మనకంటే పెద్దది మరి. అందుకే ఆరు నెలల లోపు పిల్లలకు చర్మ వైశాల్యంలో చదరపు మీటరుకు రోజుకు 50 మిల్లీగ్రాములతో, ఆపై వయసువారికి 100తో మొదలుపెడతారు.

ఇక పాలు. పేగులోంచి ఈ మందు రక్తంలోకి చేరకుండా పాలు కొంత అడ్డుపడతాయి. పాల మీదే ఉన్న బిడ్డకు ఇసిజి, రక్తపరీక్ష చూసి కుదిర్చిన మోతాదు ఆ అడ్డుతో కలిపి కుదిరిందే. అన్నప్రాశన అయ్యాక పాలు తగ్గుతూ వస్తాయి. అవే చుక్కలు వేస్తున్నా రక్తంలో మందు పెరుగుతుంది. వాంతులైన రోజు పాలు మాని గ్లూకోజు నీళ్లు పట్టినా అంతే.

ఇంత తెలిసినా పసిపిల్లలకు తగిన సిరప్పు చాలా దేశాల్లో దొరకదు. మాత్ర నూరి కలపాల్సిందే. ఇది మందుల కంపెనీలు సిగ్గుపడాల్సిన విషయం. అలా కలిపిన ద్రవంలో మందు గాఢత మారితే మిల్లీలీటర్ల లెక్క తప్పుతుంది కనుక, కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అడిగి రాసిపెట్టుకోండి. బిడ్డ పాలు తగ్గినా, వాంతులైనా మందు మీరుగా ఆపకండి, తగ్గించకండి; వెంటనే డాక్టరుకు ఫోను చేయండి.